జాన్ రాజు బీరువా

భూషణం తల చుట్టుకొలత ఇరవై మూడున్నర అంగుళాలు. తొమ్మిదేళ్ళుగా ఆయన కిరీటాలు నేనే చేయిస్తున్నాను కాబట్టి ఆ కొలత ఎక్కడా రాసుకోనక్కర్లేదు. గుడివాడలో ఆయనకో ఇంగ్లీషు మీడియం స్కూలుంది. దాని పేరు రాయను, ఊరికే పబ్లిసిటీ ఇవ్వడం నాకు అలవాటు లేదు. ముదినేపల్లి దగ్గర చేపల చెరువుల మీద సంపాదించి ఆ స్కూలు పెట్టాడు. ఏటా వార్షికోత్సవంలో రాజు వేషం ఆయనదే. ఒక ఏడు కృష్ణదేవరాయలు, ఒక ఏడు అశోకుడు, ఇంకో ఏడు శిబి చక్రవర్తి. టీచర్లు మంత్రులు, పిల్లలు సైనికులు. చివర్లో అందరూ ఆయనకి జేజేలు కొట్టాలి.

నాది బందరు చిలకలపూడిలో రోల్డ్ గోల్డ్ వ్యాపారం. దేవుళ్ళ కిరీటాలు, కూచిపూడి నాట్యానికి నగలు, పెళ్ళి సెట్లు. రాగి మీద పూత వేసిన సరుకు, పూత అని చెప్పే అమ్ముతాను. ముప్పై ఏళ్ళలో ఒక్కరికీ బంగారమని చెప్పి అంటగట్టలేదు. ఈ మాట గొప్పకోసం రాయడం లేదు. మొన్న ఫిబ్రవరిలో నేనొక తప్పుడు బేరం చేశాను. అది రాసేముందు తక్కెడలో రెండో పక్క ఏముందో కూడా తెలియాలని రాస్తున్నాను.

మా అమ్మాయి షిరీన్ ఆ స్కూల్లో సోషల్ టీచరు. నాలుగేళ్ళ క్రితం చేరిన రోజే, పదో తరగతి నుంచి బి.ఎడ్. దాకా ఉన్న ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ ఒక ఫైల్లో పెట్టించి తీసుకున్నాడు భూషణం. తన గదిలో ఇనప బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఆమెవే కాదు, ఆమెతో కలిపి పదకొండుమంది టీచర్లవీ అందులోనే ఉన్నాయి. ఏడాది మధ్యలో మానేసి వెళ్ళకుండా హామీ అట. ఆ రోజు నేను పక్కనే ఉన్నాను. "పోనీలెండి, మీ దగ్గర భద్రంగా ఉంటాయి" అన్నాను కూడా. సొంత సరుకు ఎదుటివాడి గోడౌన్లో దించి, తాళంచెవి వాడికే ఇచ్చి, రసీదు కూడా అడగని వ్యాపారి బందరులో నేను తప్ప ఇంకొకడు ఉండడు.

ఈ సంవత్సరం షిరీన్‌కీ, అదే స్కూల్లో లెక్కలు చెప్పే హారికకీ గవర్నమెంటు టీచరు పోస్టులకి పిలుపొచ్చింది. సర్టిఫికెట్ల పరిశీలన మంగళవారం ఉదయం తొమ్మిదింటికి, బందరులో. ఒరిజినల్స్ చూపించాలి. చూపించలేకపోతే జాబితాలో కిందున్న పేరు పిలుస్తారు. ఏళ్ళ తరబడి చదివిన చదువు, రెండుసార్లు తప్పిన పరీక్ష, మూడోసారి వచ్చిన ర్యాంకు, అన్నీ ఆ బీరువా తలుపు వెనక ఉన్నాయి.

ఇద్దరూ వెళ్ళి అడిగారు.

"ఏప్రిల్లో రండమ్మా" అన్నాడట భూషణం. "పబ్లిక్ పరీక్షలు నెత్తిమీద పెట్టుకుని నా పిల్లల్ని నడిసంద్రంలో వదిలేసి పోతారా?"

"ఒక్క రోజుకి ఇవ్వండి సార్. చూపించి సాయంత్రానికి మళ్ళీ తెచ్చి ఇచ్చేస్తాం" అంది హారిక.

"ఒక్క రోజుకని తీసుకెళ్ళిన సైన్సు టీచరు ఇంకా రాలేదమ్మా. ఆవిడకి ఆ రోజు ఇంకా తెల్లారలేదు."

నేనూ ఫోన్ చేశాను. "వార్షికోత్సవం కానివ్వండి సలాం గారూ, చూద్దాం" అన్నాడు. వార్షికోత్సవం శనివారం. పరిశీలన మంగళవారం. మధ్యలో రెండు రోజుల గడువుంది, సరిపోతుందనుకున్నాను. చూద్దాం అన్నవాడికీ ఇస్తానన్నవాడికీ తేడా తెలిసి కూడా అనుకున్నాను.

అదే ఫోన్లో కిరీటం ఆర్డరిచ్చాడు.

"ఈసారి ఇంగ్లాండు రాజండీ. జాన్. మీ అమ్మాయి చేతే నాటకం రాయిస్తున్నా."

"ఆయనెవరండీ?"

"మాగ్నా కార్టా ఇచ్చిన రాజు. నేను పోటీ పరీక్షలు రాసే రోజుల్లో ఆ బిట్టు మూడుసార్లు పడింది. మూడుసార్లూ కరెక్టు పెట్టాను. ప్రజలకి హక్కులిచ్చిన మొట్టమొదటి మారాజు. తల్లిదండ్రులంతా చూడాలి."

ఇంటికొచ్చి ఈ మాట చెబితే షిరీన్ నవ్వు ఆపుకోలేకపోయింది. "ఆయనకి జవాబే తెలుసు అబ్బాజీ. ప్రశ్న తెలియదు."

అప్పుడు చెప్పింది ఆ రాజు సంగతి. ఎనిమిది వందల ఏళ్ళ కిందటివాడు. తాతల నుంచి వచ్చిన ఫ్రాన్సు భూములు అయిదారేళ్ళలో పోగొట్టుకున్నాడు. అవి మళ్ళీ గెలవాలని పన్ను మీద పన్ను వేశాడు. పోపుతో తగాదా పెట్టుకుంటే ఆరేళ్ళపాటు దేశంలో చర్చిలు మూతపడ్డాయి. దొరలు ఎవరూ ఆయన్ని నమ్మరు, ఆయన ఎవర్నీ నమ్మడు. నమ్మడు కాబట్టి వాళ్ళ కొడుకుల్ని తెచ్చి తన కోటల్లో పెట్టుకునేవాడు, తండ్రులు బుద్ధిగా ఉంటారని. ఒకసారి వేల్స్ దేశపు దొరలు తిరగబడితే, వాళ్ళ పిల్లలు ఇరవై ఎనిమిది మందిని ఉరి తీయించి ఆ తర్వాత భోజనానికి కూర్చున్నాడట. మటిల్డా అనే దొరసానిని కొడుకుల్ని పంపమంటే, సొంత అన్నకొడుకునే మిగల్చనివాడికి నా బిడ్డల్ని ఇవ్వనంది. ఆమెనీ పెద్దకొడుకునీ కోటలో వేసి తిండి పెట్టకుండా చంపాడు.

"వీడి చేత ఆ హక్కుల పత్రం మీద సంతకం ఎలా పెట్టించారే?" అంది నా భార్య ఫాతిమా, బియ్యం ఏరడం ఆపి.

"సంతకం కాదమ్మీ, ముద్ర. దొరలంతా ఒక్కటై కత్తులతో వచ్చి నిలబడ్డారు. విడివిడిగా వచ్చినన్నాళ్ళూ కొందరిని కొన్నాడు, కొందరిని చంపాడు. అందరూ ఒకేసారి వస్తే ఏం చేస్తాడు? అదీ ఎన్నాళ్ళు, రెండు నెలలు దాటాయో లేదో, పోపు చేత ఆ పత్రం చెల్లదనిపించాడు."

తర్వాత ఒక పుస్తకం తెచ్చి ఆ పత్రంలో ఒక నిబంధన చదివి వినిపించింది. నలభై తొమ్మిదోది. శాంతికి గానీ, నమ్మకంగా కొలువు చేస్తామన్న దానికి గానీ హామీగా మా దగ్గర పెట్టించుకున్న మనుషుల్నీ పత్రాల్నీ వెంటనే తిరిగి ఇచ్చేస్తాం.

"పత్రాల్ని అనే ఉందా?" అడిగాను.

"అనే ఉంది."

ఒళ్ళు మండింది. ఎనిమిది వందల ఏళ్ళ కిందట, సముద్రాల అవతల, ఇదే బీరువా.

మా పనివాడు సూరయ్య కిరీటం చేయడానికి కూర్చుంటూ "ఏ దేవుడికండీ?" అన్నాడు, అతనికి అలవాటైన ప్రశ్న.

"దేవుడికి కాదు. ఇంగ్లాండు రాజుకి."

"మంచోడేనా?"

"కాదు."

"అయితే పూత పల్చగా వేస్తా" అన్నాడు. అలాగే వేశాడు.

భూషణానికి డైలాగులు బట్టీ పట్టే తీరిక లేదు. ఏటా అంతే, తెర వెనక ఎవరో అందిస్తారు, ముందు ఆయన చేతులు ఊపుతాడు. ఈసారి షిరీన్ ఇంకో సదుపాయం చేసింది. చివరి దృశ్యంలో రాజు పత్రం పైకి చదవాలి గదా, ఆ చుట్టలోనే ఆయన మాటలన్నీ తెలుగులో పెద్దక్షరాల్లో రాసి పెట్టింది. "భలే ఐడియా అమ్మా" అన్నాడట. విప్పి చూడలేదు. దొరల వేషాలు మిగతా టీచర్లవి, మటిల్డా వేషం షిరీన్‌ది. పదకొండుమందీ స్టాఫ్ రూంలో ఒక మాట అనుకున్నారు. ఇస్తే అందరివీ ఒకేసారి ఇవ్వాలి, ఒక్కరికి ఇస్తే తీసుకోకూడదు. ఆ మాట నాకు తెలుసు. తెలియదని రాస్తే ఈ కథలో నేను కొంచెం తేలిగ్గా బయటపడతాను, కానీ తెలుసు.

శనివారం సాయంత్రం నాలుగింటికి నాటకం. ఆరేడు వందలమంది తల్లిదండ్రులు. సగంమంది కుర్చీల్లో, సగంమంది సెల్‌ఫోన్లు పైకెత్తి గోడల వెంట. నేను తెర పక్కన నిలబడ్డాను, నగలు లెక్కచూసి వెనక్కి తీసుకెళ్ళాలి గదా. భూషణం కిరీటం పెట్టుకుని, వెల్వెట్ దుప్పటి కప్పుకుని సింహాసనం మీద కూర్చున్నాడు. మటిల్డా వచ్చి బిడ్డల్ని ఇవ్వనని చెప్పి చచ్చిపోయింది. అప్పుడే ఆయన మొహంలో కొంచెం అయోమయం కనిపించింది, మారాజు నాటకంలో ఈ చావేమిటని. ఇంతలో దొరలు వచ్చి చుట్టూ నిలబడ్డారు. చేతికి చుట్ట ఇచ్చారు.

గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టాడు. చర్చికి స్వేచ్ఛ ఇస్తున్నాం, చప్పట్లు. ఎవర్నీ విచారణ లేకుండా చెరలో పెట్టం, చప్పట్లు. చప్పట్లు వినేకొద్దీ గొంతు పెరిగింది. "నలభై తొమ్మిది. నమ్మకంగా కొలువు చేస్తారన్న హామీగా మా దగ్గర పెట్టించుకున్న పత్రాలన్నీ..." అక్కడ గొంతు తడబడింది. కానీ చదివే మనిషికి నోరు కళ్ళ వెంట పరుగెడుతుంది, ఆపుకోలేడు. "...వెంటనే తిరిగి ఇచ్చేస్తాం."

"ఎప్పుడు ప్రభూ?" అన్నారు పది గొంతులు కలిసి. అది కూడా చుట్టలో ఉంది. దాని కింద ఆయన జవాబు కూడా ఉంది.

హాలంతా చూస్తోంది. వెనక బెంచీల్లోంచి ఎవరో "చెప్పండి సార్" అన్నారు.

"వెంటనే" అన్నాడు భూషణం.

చప్పట్లు కప్పుకి తగిలాయి. జనానికి బీరువా సంగతి తెలియదు, నాటకం బాగుందని కొట్టారు. తెలిసినవాళ్ళం పన్నెండుమందిమి, ఆయనతో కలిపి పదమూడు.

తెర పడ్డాక టీచర్లు భూషణం గది ముందు నిలబడ్డారు. ఆయన వెనక గుమ్మంలోంచి వచ్చి, కిరీటం పెట్టె సర్దుకుంటున్న నన్ను చెయ్యి పట్టుకుని పక్క గదిలోకి తీసుకెళ్ళాడు. చంకలోంచి ఒక ఫైలు తీశాడు. షిరీన్ పేరుంది.

"మీరు వ్యాపారస్తులు సలాం గారూ, మీకు చెప్పనక్కర్లేదు. మీ అమ్మాయిది తీసుకెళ్ళండి. మంగళవారం చూపించుకోమనండి. మిగతావాళ్ళని ఎగదొయ్యకుండా చూసుకోండి, అంతే."

"మరి ఆ నాగాయలంక అమ్మాయి, హారికవి?"

"ఆ లెక్క వేరే. అది మీది కాదుగా."

నేను లెక్క వేశాను. ముప్పై ఏళ్ళుగా వేస్తున్న లెక్కే. చేతిలో ఉన్నది ఒకటి, చేతికి రానివి పది. ఒకటి తీసుకున్నాను. ఫైలు కిరీటం పెట్టెలో అడుగున పెట్టి, పైన పాత చీర కప్పి, టీచర్ల మధ్య నుంచే నడుచుకుంటూ బయటికొచ్చాను. హారిక పక్కకి జరిగి దారి ఇచ్చింది. "బరువుగా ఉందా అంకుల్, పట్టుకోనా?" అని కూడా అడిగింది.

ఆదివారం పొద్దున టీ గ్లాసు పక్కన ఫైలు పెట్టాను. ఫాతిమా దాన్ని కళ్ళకద్దుకుంది. షిరీన్ దాన్ని ముట్టుకోలేదు.

"ఎంతకి తెచ్చారు?" అంది.

"నీవి నీకు తెచ్చాను. ఎంతకేమిటి?"

"నా నోటికి తెచ్చారు. పది మందిని వదిలేసినందుకు తెచ్చారు. జాన్ కూడా ఇదే చేశాడు అబ్బాజీ, కాకపోతే అక్కడ దొరలు తమని తామే అమ్ముకున్నారు. నన్ను నా తండ్రి అమ్మాడు."

నాకూ కోపం వచ్చింది. "రెండుసార్లు తప్పి మూడోసారి వచ్చిన ఉద్యోగమే. పదిమంది కోసం వదులుకుంటావా? రేపు ఆ పదిమంది నీకు అన్నం పెడతారా? పుస్తకాల్లో చదివింది బడిలో చెప్పు, ఇంట్లో చెప్పకు."

"మీరు రాగిని బంగారమని అమ్మరని ఊరంతా చెప్పుకుంటారు" అంది.

సోమవారం మొదటి బస్సుకి ఫైలు బ్యాగులో పెట్టుకుని గుడివాడ బయల్దేరింది. ఎందుకో అర్థమైంది. ఆపాలని నేనూ అదే బస్సెక్కాను. పెడన దాటేదాకా బతిమాలాను, కౌతవరం దాకా తిట్టాను. ఆమె కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. పక్కసీటావిడ నా వంక చూసి "పెళ్ళి సంబంధమాండీ?" అంది.

స్కూల్లో హారిక తండ్రి నాగబాబు అప్పటికే ఉన్నాడు. దివిసీమలో చేపలు కొని అమ్మే మనిషి, వేకువనే నాగాయలంక రేవులో చేపలు ఇంకొకరికి అప్పజెప్పి వచ్చాడు. చొక్కా మీద ఇంకా పొలుసులున్నాయి. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"సాయిబుగారూ, మీరు పెద్దోరు, మీరు చెబితే వింటాడంట. మా పిల్లది కూడా ఒకమాట అడగరా?"

నేను నేల వంక చూశాను.

షిరీన్ సరాసరి భూషణం గదిలోకి వెళ్ళింది. మిగతా పదిమందీ వెనకే వెళ్ళారు. నేను, నాగబాబు గుమ్మంలో ఉన్నాం. ఆమె ఫైలు తీసి ఆయన బల్ల మీద పెట్టింది.

"ఇది శనివారం మా నాన్నగారికి ఇచ్చారట. వెనక్కి తీసుకోండి. పదకొండూ ఇవ్వండి, లేకపోతే పదకొండూ ఉంచుకోండి."

పదిమందీ ఆ ఫైలు వంకా, ఆ తర్వాత నా వంకా చూశారు. హారిక చూపు పెట్టె మోసిన నా చేతుల మీద ఆగింది.

"అది డ్రామా తల్లీ" అన్నాడు భూషణం, నవ్వుతూ. "డ్రామాలో చచ్చిపోయావు గదా, బతికే ఉన్నావుగా? ఇదీ అంతే."

"అయితే ఈ రోజు క్లాసులు కూడా అంతే సార్" అంది షిరీన్.

ఆయన నవ్వు ఆగింది. ఫైలు తీసి బీరువాలో పడేసి తాళం తిప్పాడు. నా గుండెలో తిరిగింది ఆ తాళం. నోరు తెరిస్తే నా కూతుర్నే తిడతానని మూసుకున్నాను.

పదకొండుమందీ వరండాలో నేల మీద కూర్చున్నారు. లోపల నాలుగు వందలమంది పిల్లలు. పదో తరగతికి ఆ రోజు ప్రీ-ఫైనల్ లెక్కల పరీక్ష, పేపర్లు పంచే దిక్కు లేదు. వాచ్‌మన్ హనోకుని క్లాసులోకి పంపితే పిల్లలు అతని చేత పాట పాడించారు. భూషణం ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. టీచర్లని ఒక్కొక్కర్నీ పేరు పెట్టి లోపలికి పిలిచాడు. "మీది ఇచ్చేస్తాను రామ్మా" అన్నాడు ఒకరితో. ఆవిడ లేవబోయి, పక్కనున్న హారికని చూసి, మళ్ళీ కూర్చుంది. నాకు సిగ్గేసింది. గవర్నమెంటు టీచరు జీతంలో మూడో వంతు తెచ్చుకునే మనిషి లేవలేదు. నేను లేచినవాణ్ణి.

పన్నెండున్నరకి తల్లులు క్యారేజీలు పట్టుకుని గేటు దగ్గరికొచ్చారు. రోజూ వేడన్నం తెచ్చి పిల్లలకి పెట్టి వెళ్తారు. వరండాలో టీచర్లని చూసి గుసగుసలు మొదలయ్యాయి. "జీతాల గొడవంట" అన్నది ఒకామె. "జీతం చాలకపోతే పిల్లల్ని గాలికొదిలేస్తారా" అన్నది ఇంకొకామె. ఇంకాసేపు ఆగితే వాళ్ళంతా భూషణం వైపు తిరిగిపోయేవాళ్ళు.

అప్పుడు గేటు దగ్గరికి వెళ్ళాను. జీవితంలో మొదటిసారి లాభం చూసుకోకుండా నోరు విప్పాను.

"అమ్మా, జీతాలు కాదు. వీళ్ళ చదువుల కాగితాలు ఆ బీరువాలో ఉన్నాయి. శనివారం మీ అందరి ముందూ వెంటనే ఇస్తానన్నాడు, మీరు చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత నన్ను పక్కకి పిలిచి నా కూతురి కాగితాలు నాకే లంచంగా ఇచ్చాడు. నేను తీసుకున్నాను. ఆ పిల్ల వాటిని వెనక్కి తెచ్చి పడేసింది. రేపు తొమ్మిదింటికి ఇద్దరి ఉద్యోగాలు పోతాయి."

వినీల అని, మా షిరీన్ దగ్గర చదివే అయిదో తరగతి పిల్లాడి తల్లి, క్యారేజీ కింద పెట్టి ఫోన్ తీసింది. "నా దగ్గర వీడియో ఉంది" అంది. భూషణం గది కిటికీ దగ్గరికి వెళ్ళి, సౌండు మొత్తం పెంచి పెట్టింది. "పత్రాలన్నీ వెంటనే తిరిగి ఇచ్చేస్తాం." ఆయన గొంతే. అయిపోగానే మళ్ళీ పెట్టింది. ఇంకో ఇద్దరు తల్లులు వాళ్ళ ఫోన్లు తీశారు. మూడు ఫోన్లలోంచి ఒకదాని వెనక ఒకటి వెంటనే, వెంటనే, వెంటనే.

"అది నాటకమమ్మా" అని ఆయన లోపల్నుంచి అరిచాడు.

"అలాగా అండీ" అంది వినీల. "మరి మా వాడి ప్రోగ్రెస్ కార్డు కూడా నాటకమేనా? వచ్చే ఏడు ఎక్కడ చేర్పించాలో ఆలోచించుకోవాలి."

ఆ మాటకి రాజు లేచాడు. మేం అడిగింది వినపడనివాడికి అది వినపడింది. ఒంటిగంట కావస్తుండగా బీరువా తలుపు తెరిచాడు.

ఇచ్చిన తీరు కూడా రాయాలి. ఫైళ్ళు బల్ల మీద పేర్చి, కుర్చీలో కూర్చుని, బహుమతులు పంచినట్టు ఒక్కొక్క పేరూ పిలిచాడు. ఒక్కొక్కరూ వెళ్ళి రెండు చేతులతో అందుకున్నారు. "థాంక్యూ సార్" అన్నారు. హారిక కూడా అంది. నాగబాబు అయితే తువ్వాలు తీసి నడుముకి చుట్టుకుని దణ్ణం పెట్టాడు.

నా ఓపిక తెగింది. "ఎందుకమ్మా థాంక్యూ? అవి ఆయనవా? నీ చేపల బుట్ట ఎవడన్నా ఎత్తుకెళ్ళి తెచ్చి ఇస్తే దణ్ణం పెడతావా నాగబాబూ?"

నాగబాబు నా వంక చూశాడు. "పెడతా సాయిబుగారూ. బుట్ట దొరికితే చాలు మాలాంటోళ్ళకి. మీ పిల్లది ముందే దొరికింది, మీకు కోపం తెచ్చుకునే తీరిక ఉంది."



షిరీన్ పేరు అందరికంటే చివర పిలిచాడు. ఆమె వెళ్ళి ఒక చేత్తో ఫైలు తీసుకుంది. అక్కడే, ఆయన బల్ల మీదే విప్పింది. పదో తరగతి, ఇంటరు, డిగ్రీ మూడేళ్ళ మార్కుల జాబితాలు, ప్రొవిజనల్, బి.ఎడ్., టెట్. ఒక్కొక్కటీ పైకెత్తి, వెనకా ముందూ చూసి, పక్కన పెట్టింది. బయట పిల్లలు గోల చేస్తున్నారు. భూషణం తాళంచెవి వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చోలేక లేచి నిలబడ్డాడు.

"సరిపోయాయా అమ్మా?" అన్నాడు.

ఆమె తలెత్తలేదు. మళ్ళీ మొదటి కాగితం నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.